ఒక కన్ను మూసి చూడండి: ఇంట్లోనే చూపు కొలిచే పద్ధతి

అనంతపురం ఆర్టీసీ బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు బోర్డు దూరం నుంచే చదివేస్తున్నాం కదా, మన చూపుకేం ఢోకా లేదు అనుకుంటాం. ఆ బోర్డు చదివింది రెండు కళ్లా, ఒక్క కన్నేనా అన్నది మాత్రం మనకు తెలియదు. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపూ బాగున్న కన్నే పని మొత్తం నెత్తిన వేసుకుంటుంది. రెండో కన్ను మసకబారిన సంగతి నెలలు కాదు, ఏళ్ల తరబడి బయటపడదు. పల్లెల్లో కంటి క్యాంపులు పెట్టినప్పుడు చార్టు పక్కన నిలబడి చూపు రాసుకునే పని నాది. "ఈ కన్ను ఎప్పటి నుంచి ఇట్లుంది?" అని అడిగితే "ఇప్పుడే తెలిసింది సార్" అనే మాట వినని క్యాంపు లేదు.

ఉరవకొండలో మగ్గాల వీధిలో ఒక అవ్వ కుడి కన్నును అరచేత్తో మూసుకుంది. మూసుకున్న మరుక్షణం చేయి తీసేసి నా వైపు చూసి, "అట్టను యాడికి ఎత్తుకుపోతివి నాయనా?" అని అడిగింది. అట్ట అంటే చార్టే, అది గోడ మీదే ఉంది. ఎడమ కంటికి కనిపించలేదు, అంతే. ఆ కంట్లో శుక్లం బాగా ముదిరిపోయి ఉంది. ఇంట్లో కొడుకూ కోడలూ ఉన్నారు, మనవళ్లు చదువుకున్నవాళ్లు. అవ్వ చేత ఒకసారి ఒక కన్ను మూయించి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఈ పని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. కాగితం, స్కేలు, కొలత టేపు ఉంటే చాలు. అయితే పద్ధతిగా చేయాలి. పద్ధతి తప్పితే వచ్చే అంకె లేనిపోని టెన్షన్ అయినా పెడుతుంది, లేదంటే అంతా బాగుందని నమ్మిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం.

ముందు ఆ అంకె సంగతి

డాక్టరు చీటీ మీద 6/6, 6/18 అని రాసి ఉంటుంది. చాలామంది వాటిని మార్కులనుకుంటారు. అవి దూరాలు. పైనున్న 6 అంటే మీరు చార్టుకు 6 మీటర్ల దూరంలో ఉన్నారని. కిందున్న 18 అంటే మంచి చూపు ఉన్న మనిషి అదే గుర్తును 18 మీటర్ల నుంచే పట్టుకోగలడని. వాళ్లు అంత దూరం నుంచి చూసేదాన్ని చూడడానికి మీరు 6 మీటర్ల దాకా దగ్గరికి రావాల్సి వచ్చిందన్నమాట. కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గినట్టు. 6/60 వచ్చిందంటే చార్టులో అన్నిటికన్నా పైనున్న పెద్ద గుర్తు ఒక్కటే అందుతోందని అర్థం. అమెరికాలో ఉన్న పిల్లలు 20/20 అంటుంటారు. వాళ్లు అడుగుల్లో చెబుతారు, మన 6/6 అదే.

ఈ లెక్క వేసినాయన నెదర్లాండ్స్‌కు చెందిన కంటి డాక్టరు హెర్మన్ స్నెల్లెన్. 1862లో ఆయన తన చార్టు అచ్చు వేయించాడు. కోణంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నిమిషం అంటారు. రెండు గీతల మధ్య సందు కంటి దగ్గర ఒక నిమిషం కోణం చేస్తే మామూలు కన్ను ఆ సందును సందుగా గుర్తుపడుతుంది, అంతకన్నా సన్నగా ఉంటే రెండు గీతలూ కలిసిపోయి కనిపిస్తాయి. అందుకని అక్షరం ఎత్తును ఐదు నిమిషాలుగా, అందులో ప్రతి గీతనూ ప్రతి సందునూ ఒక్కో నిమిషంగా పెట్టాడు. 6 మీటర్ల దూరంలో ఆ ఎత్తు 8.7 మిల్లీమీటర్లు అవుతుంది. ఇవాళ్టికీ ప్రపంచమంతా ఆ లెక్క మీదే నడుస్తోంది. 6/6 అంటే ఆఖరి మెట్టు కూడా కాదు, కుర్రవాళ్లలో 6/5 చదివేవాళ్లు బోలెడుమంది.

ఇంకో మాట. "6/18 అంటే ఎన్ని పాయింట్లు సార్?" అని అడుగుతుంటారు. చూపు అంకె వేరు, అద్దాల పవర్ వేరు. ఒకే 6/18 సైట్ వల్ల రావచ్చు, శుక్లం వల్ల రావచ్చు, షుగర్ వల్ల రావచ్చు. చూపు ఎంత ఉందో చార్టు చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు.

చార్టు తయారు చేసుకోవడం

మన ఇళ్లలో 6 మీటర్ల జాగా దొరకడం కష్టం. 3 మీటర్లకు సరిపోయే చార్టు చేసుకోండి. తెలుగు అక్షరాలు పెట్టొద్దు. కొన్ని అక్షరాలు మెలికలతో నిండి ఉంటాయి, కొన్ని గుండ్రంగా తేలిగ్గా ఉంటాయి, అన్నీ ఒకే కష్టంగా ఉండవు. ఇంగ్లిష్ 'ఈ' అక్షరాన్ని తీసుకోండి. దాన్ని అక్షరంగా చదవనక్కర్లేదు. మూడు కాళ్ల గుర్తు అనుకోండి, కాళ్లు పైకా, కిందికా, కుడికా, ఎడమకా అని చేత్తో చూపిస్తే చాలు. బడికి పోని అవ్వకూ, నాలుగేళ్ల పిల్లకూ ఒకే చార్టు సరిపోతుంది.

గుర్తు ఎత్తూ వెడల్పూ సమానంగా ఉండాలి. ఎత్తును ఐదు సమభాగాలు చేస్తే మూడు నల్ల గీతలు, వాటి మధ్య రెండు తెల్ల సందులు. 3 మీటర్ల దూరానికి ఎత్తులు ఇవి:

6/60 వరుస: 44 మిల్లీమీటర్లు
6/36 వరుస: 26 మి.మీ.
6/24 వరుస: 17.5 మి.మీ.
6/18 వరుస: 13 మి.మీ.
6/12 వరుస: 8.7 మి.మీ.
6/9 వరుస: 6.5 మి.మీ.
6/6 వరుస: 4.4 మి.మీ.

పైనున్న పెద్దవి వరుసకు ఒకటో రెండో చాలు. 6/18 నుంచి కిందికి వరుసకు ఐదేసి ఉండాలి, కాళ్లు తలా ఒక దిక్కుకు. గుర్తుకూ గుర్తుకూ మధ్య ఒక గుర్తు వెడల్పంత ఖాళీ వదలండి. పెద్దవి చేత్తో గీసుకున్నా పర్వాలేదు. చిన్నవి చేత్తో కుదరవు, నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకోండి. అక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్రింటర్ కాగితానికి సరిపోయేలా బొమ్మను తనంతట తానే కుదించేస్తుంది. సైజు నూటికి నూరు శాతం పెట్టమని చెప్పండి, కాగితం చేతికి రాగానే పెద్ద గుర్తును స్కేలు పెట్టి కొలవండి. 44 మిల్లీమీటర్లు రాలేదంటే చార్టు పనికిరాదు. జిరాక్సుకు జిరాక్సు తీసిన బూడిదరంగు కాపీ వద్దు. లామినేషన్ కూడా చేయించొద్దు, వెలుతురు పడి మెరుస్తుంది.

సర్జికల్ షాపులో దొరికే చార్టు కొంటే దాని మీద ఎన్ని మీటర్లకు అని ఉందో చూడండి. 6 మీటర్ల చార్టును 3 మీటర్లలో తగిలించి ఆఖరి వరుస చదివితే అది 6/6 కాదు, 3/6. అంటే 6/12. సగం చూపు ఉన్న కన్ను కూడా నిండు చూపుగా కాగితం మీద పడేది ఇక్కడే. ఫోన్‌లో చూపు కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి. స్క్రీన్ మీద గుర్తు సైజును ఏదైనా కార్డు పెట్టి సరిచూసుకోమని అడిగే యాప్ అయితే వాడొచ్చు, ఆ మాటే ఎత్తని యాప్‌ను నమ్మకండి.

జాగా, వెలుతురు, దూరం

పొద్దున తొమ్మిది, పది గంటల వేళ నీడపట్టున ఉన్న వరండా మంచిది. చార్టు మీద వెలుతురు సమంగా పడాలి, నేరుగా ఎండ పడకూడదు. చార్టు వెనకాల గానీ పక్కన గానీ కిటికీ ఉంటే చూసేవాళ్ల కళ్లు చెదురుతాయి. మన ఎండల్లో నడిచి వచ్చినవాళ్లను వెంటనే కూర్చోబెట్టకండి. పది నిమిషాలు నీడలో ఉండి, చెమట తుడుచుకుని, అద్దాలుంటే వాటిని కూడా శుభ్రంగా తుడిచాక మొదలుపెట్టండి. సగం మందికి అద్దాల మీద దుమ్మే ఒక పొర.

దూరం అడుగులేసి కొలవొద్దు. ఇంట్లో టైలర్ టేపు ఉంటుంది. అది సాధారణంగా 150 సెంటీమీటర్లు, రెండుసార్లు వేస్తే సరిగ్గా 3 మీటర్లు. గోడ నుంచి కొలిచి సుద్దముక్కతో గీత గీయండి. కొలవాల్సింది కంటి దాకా, కాలి వేళ్ల దాకా కాదు. కుర్చీలో కూర్చోబెడితే మనిషి ముందుకు వంగకుండా వీపు ఆనించి ఉండాలి, ఆయన కళ్లు గీతకు సూటిగా పైన రావాలి. చార్టును కూర్చున్న మనిషి కంటి ఎత్తులో తగిలించండి.

కన్ను మూసే తీరు

మొత్తం పరీక్షలో ఎక్కువగా చెడేది ఇక్కడే.

"ఒక కన్ను మూసుకోండి" అంటే పెద్దవాళ్లు వేళ్లతో మూస్తారు. వేళ్ల సందుల్లోంచి ఆ కన్ను హాయిగా చూస్తూనే ఉంటుంది. పిల్లలైతే కావాలనే చూస్తారు, చూపు తగ్గిన కన్నుతో ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి తల కాస్త తిప్పి రెండో కంటికి దారి ఇస్తారు. ఇంకొందరు అరచేతిని కంటి మీద గట్టిగా అదిమేస్తారు. అలా అదిమిన కన్ను తర్వాత కాసేపు మసగ్గానే కనిపిస్తుంది, దాని వంతు వచ్చేసరికి లేని లోపం ఉన్నట్టు తేలుతుంది. ఇంకా కొందరు కనురెప్పను మాత్రమే మూసి రెండో కన్నును కూడా చికిలిస్తారు.

అరచేతిని కొద్దిగా దొన్నెలా వంచి కంటి చుట్టూ ఆనించాలి, కంటికి తగలకూడదు, వేళ్లు నుదుటి మీదికి పోవాలి. మూసిన చేతి కింద కన్ను తెరిచే ఉండాలి. పిల్లలకు చేతిని నమ్మొద్దు, మందపాటి అట్టముక్కను మీరే పట్టుకోండి, లేదా పెద్ద గరిటెతో మూయండి. అద్దాలు పెట్టుకునేవాళ్లకైతే అద్దం మీదుగా కాగితం మడిచి పెడితే సరిపోతుంది. ముందు కుడి కన్ను చూపు, తర్వాత ఎడమ కన్ను చూపు కొలవండి. ఈ వరుస ఎప్పుడూ మార్చకండి, రాసుకునేటప్పుడు తికమక ఉండదు. పిల్లలకు మాత్రం అనుమానం ఉన్న కన్నుతోనే మొదలుపెట్టండి, లేకపోతే మంచి కన్నుతో చూసి గుర్తుపెట్టుకుని చెప్పేస్తారు. బడిలో వరుసలో నిలబడ్డ పిల్లలు తమ వంతు వచ్చేలోపు చార్టంతా కంఠతా పట్టేస్తారు. చార్టును తలకిందులు చేసి తగిలిస్తే ఆ ఇబ్బంది పోతుంది, మూడు కాళ్ల గుర్తుతో ఉన్న సౌకర్యం అది.

చదివించడం

పై నుంచి ఒక్కో గుర్తునూ పెన్నుతో దాని కింద చూపిస్తూ అడగండి, గుర్తు మీద చేయి పెట్టొద్దు. కాళ్లు ఎటున్నాయో వాళ్లు చేత్తో చూపించాలి. కళ్లు చికిలించనివ్వకండి. చికిలిస్తే సన్నని సందులోంచి చూసినట్టయి అసలు చూపుకన్నా బాగా కనిపిస్తుంది. తప్పు చెప్పినప్పుడు "సరిగ్గా చూడు" అనకండి. ఆ మాట అనగానే జవాబు తప్పని తెలిసిపోయి మార్చేస్తారు. ఒప్పయినా తప్పయినా "ఊఁ, తర్వాతది" అనండి. పక్కన నిలబడి తల్లి చేత్తో సైగ చేస్తుంటుంది, పిల్లాడు కింద పడతాడేమో అన్నంత కంగారు ఉంటుంది ఆమెకు. ఆమెను పిల్లాడి వెనక నిలబెట్టండి.

వరుసలో ఐదింటికి నాలుగు సరిగ్గా చెబితే ఆ వరుస వచ్చినట్టు. దిక్కులు నాలుగే కాబట్టి గుడ్డిగా చెప్పినా ఒకటో అరో కలుస్తుంది, అందుకే రెండు మూడు ఒప్పులకు వరుస ఇవ్వకూడదు. కనిపించడం లేదు అన్నాక కూడా "ఊహించి చెప్పండి" అని ఒకసారి అడగండి. బిడియంతో ముందే ఆగిపోయేవాళ్లు చాలామంది, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లు.

పై గుర్తు కూడా అందకపోతే మనిషిని సగం దూరానికి, అంటే మీటరున్నరకు తీసుకురండి. అక్కడ కనిపిస్తే 3/60. అప్పటికీ కాకపోతే మీటరు దూరంలో మీ వేళ్లు చూపించి ఎన్ని అని అడగండి. అదీ కాకపోతే చేయి ఊపితే తెలుస్తోందా, టార్చి వేస్తే వెలుతురు తెలుస్తోందా చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి. వెలుతురు తెలుస్తోందన్న ఒక్క ముక్క కూడా డాక్టరుకు చాలా పనికొస్తుంది, దాన్ని రాయకుండా వదలొద్దు.

రాయడం ఇలా: తేదీ, కుడి కన్ను అద్దాలు లేకుండా ఇంత, అద్దాలతో ఇంత, ఎడమ కన్ను అలాగే. రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే కవర్‌లోనే ఆ కాగితం పెట్టండి. ఒకే మనిషికి ఇవాళ 6/9, పదిరోజుల తర్వాత 6/12 వస్తే భయపడనక్కర్లేదు, వెలుతురు, అలసట వల్ల ఒక వరుస అటూ ఇటూ కావడం మామూలే. రెండు వరుసలు పడిపోయిందంటే అది నిజంగా మార్పే. నిరుటి కాగితం ఉంటేనే ఆ మార్పు తెలుస్తుంది.

సన్నని రంధ్రంతో ఇంకో పరీక్ష

చూపు 6/12, అంతకన్నా తక్కువ వస్తే ఈ పని చేయండి. నల్లటి అట్టముక్కకు మిల్లీమీటరు కన్నా కొంచెం పెద్ద రంధ్రం గుచ్చండి, అంచులు చీలిపోకుండా గుండ్రంగా ఉండాలి. దూరపు అద్దాలు ఉంటే పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటికి దగ్గరగా ఆ రంధ్రాన్ని పట్టుకుని చార్టు చదవమనండి. రంధ్రం గుండా మధ్య నుంచి వచ్చే వెలుతురు మాత్రమే లోపలికి పోతుంది, పక్కలకు చెదిరే కిరణాలు ఆగిపోతాయి. అందువల్ల సైట్ లోపం ఉన్న కంటికి గుర్తులు ఒక్కసారిగా తేటపడతాయి.

రంధ్రంలోంచి రెండు మూడు వరుసలు ఎక్కువ చదివారంటే చాలావరకు అద్దాలతో పోయే సమస్య. ఏమీ పెరగలేదంటే, లేదా ఇంకా తగ్గిందంటే, సమస్య శుక్లంలోనో, కంటి లోపలి రెటీనా అనే పొరలోనో, నరంలోనో ఉండొచ్చు. అలాంటప్పుడు అద్దాల షాపుకు కాదు, కంటి డాక్టరు దగ్గరికే పోవాలి. షాపులో పవర్ మార్చి మార్చి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లకు ఈ అట్టముక్క ముందే దొరికి ఉంటే బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

దగ్గరి చూపు, చేతిపని

నలభై దాటాక వచ్చే చత్వారం దూరపు చార్టులో కనిపించదు. 6/6 చదివిన మనిషే సూదిలో దారం ఎక్కించలేడు. న్యూస్‌పేపర్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో, ఒక్కో కంటితో, మంచి వెలుతురులో చదివించండి. చేయి చాపి దూరంగా పెట్టుకుంటేనే చదవగలుగుతున్నారంటే చత్వారమే.

ఉరవకొండ, ధర్మవరం మగ్గాల మీద కూర్చునేవాళ్లకూ, రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకూ పేపరు ఒక్కటే చాలదు. వాళ్లు చూసేది పోగు. తెగిన పోగును వెతికి ముడి వేసే దూరం పేపరు చదివే దూరం ఒక్కటి కాకపోవచ్చు. కాబట్టి పని చేసే చోటే కూర్చుని, కంటి నుంచి బట్ట దాకా టేపుతో కొలిచి ఆ సెంటీమీటర్లు రాసుకుని అద్దాలు రాసేవాళ్లకు చెప్పండి. చదవడానికి సరిపోయే పవర్ ఇచ్చేస్తే మగ్గం మీద మెడ వంచి వంచి నొప్పులొస్తాయి, చివరికి అద్దాలు గూట్లోకి పోతాయి. మంచి పనివాడు నలభై అయిదేళ్లకే "చేతకావడం లేదు" అని పని తగ్గించుకోవడం చూస్తే బాధేస్తుంది. చాలాసార్లు కావాల్సింది ఒక జత సరైన అద్దాలే. సంతలో దొరికే రెడీమేడ్ అద్దాలు రెండు కళ్లకూ ఒకే పవర్‌తో ఉంటాయి. రెండు కళ్ల దూరపు చూపూ బాగుండి, చత్వారం మాత్రమే ఉన్నవాళ్లకు అవి సరిపోతాయి. రెండింటికీ తేడా ఉంటే పనికిరావు.

పిల్లలు

"మా పాపకు కండ్లు బాగుండాయి సార్, టీవీ బాగా చూస్తాది" అంటారు. పుట్టినప్పటి నుంచి ఒక కంటితోనే చూస్తున్న పిల్లకు లోకం అంటేనే అంత. ఆమె వచ్చి చెప్పదు. చిన్నతనంలో ఒక కంటికి పవర్ ఎక్కువగా ఉన్నా, మెల్లకన్ను ఉన్నా మెదడు ఆ కన్నును పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని బద్ధకపు కన్ను అంటారు. ఏడెనిమిదేళ్లలోపు పట్టుకుంటే అద్దాలు ఇచ్చి, బాగున్న కన్నును రోజూ కొన్ని గంటలు మూసి, చూడని కన్ను చేత పని చేయించి చాలావరకు తెప్పించుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. అందుకే మూడు నాలుగేళ్ల వయసులోనే, బడికి పంపే ముందే, మూడు కాళ్ల ఆట ఆడించండి. ముందు ఒక పెద్ద గుర్తు కాగితాన్ని చేతికిచ్చి తిప్పడం నేర్పితే వెంటనే పట్టుకుంటారు. నాలుగేళ్ల పిల్లకు 6/12 వచ్చినా కంగారు లేదు. రెండు కళ్లకూ మధ్య రెండు వరుసల తేడా ఉంటే మాత్రం ఆ వారంలోనే చూపించండి. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కంటి పాప తెల్లగా మెరిస్తే చార్టు జోలికే పోవద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి.

రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది మన అనంతపురంలోనే, 2019 అక్టోబర్ 10న. మొదట బడిపిల్లలకు పరీక్షలు చేశారు. అప్పుడు ఇచ్చిన అద్దాలే ఇంకా పెట్టుకుని తిరిగే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. ఎదిగే వయసులో పవర్ మారుతూ ఉంటుంది, ఏటా ఒకసారి ఆ అద్దాలు పెట్టించి చార్టు చదివించండి. అద్దాలతో 6/9 కూడా రావడం లేదంటే అద్దాలు మార్చే వేళ అయింది.

అంకె వచ్చాక

రెండు కళ్లూ 6/9 గానీ అంతకన్నా బాగా గానీ ఉంటే ఏడాది తర్వాత మళ్లీ కొలవండి. నాలుగేళ్ల పిల్లలకు 6/12 పర్వాలేదన్నాం, మిగతావాళ్లలో ఏ కంటికైనా 6/12, అంతకన్నా తక్కువ వస్తే పరీక్ష చేయించుకోండి. 6/60 కన్నా తక్కువైతే వాయిదా వేయొద్దు. అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ కంటి వైద్యం ఉంది.

శుక్లం ముదిరితేనే ఆపరేషన్ అన్న మాట మన ఊళ్లలో ఇంకా పోలేదు. అది పాత పద్ధతి నాటి మాట. ఇప్పుడు లెన్స్ వేస్తారు, ముదరాల్సిన పని లేదు. చూపు తగ్గి పనికి అడ్డం వచ్చిందంటే చాలు, బాగా గట్టిపడే దాకా ఆగితే ఆపరేషనే కష్టమవుతుంది. ఆపరేషన్ అయినవాళ్లు కూడా కట్టు విప్పిన రోజూ, నెలా నెలన్నర తర్వాత డాక్టరు చెప్పిన తనిఖీలోనూ "నా చూపు ఎంత వచ్చింది?" అని అంకె అడిగి రాయించుకోండి. బాగా వచ్చి, ఆ తర్వాత తగ్గితే కారణం ఉంటుంది, దానికీ వైద్యం ఉంటుంది.

బండి నడిపేవాళ్లకు ఇంకో కొలత. లైసెన్సు కోసం సంతకం పెట్టే ఫారం-1లోనే ఒక ప్రశ్న ఉంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని. చాలామంది చదవకుండానే అవును అని రాసేస్తారు. ఇంటి ముందు ఒకసారి 25 మీటర్లు కొలిచి, ఒక్కో కంటితో నిజంగా చూసుకోండి. నలభై నాలుగో నంబరు హైవే మీద రాత్రిపూట లారీ తోలేవాళ్ల ఇంట్లోవాళ్లు ఈ పని దగ్గరుండి చేయించాలని నా మనవి.

దివ్యాంగుల ధ్రువపత్రం కోసం పోయేవాళ్లు ఒకటి తెలుసుకోండి. 2016 చట్టం ప్రకారం చూపు కొలిచేది సరైన అద్దాలు పెట్టాక, రెండింట్లో మెరుగైన కంటికి. ఆ కంటికి 3/60 కన్నా తక్కువ ఉంటే అంధత్వం కింద లెక్క. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండోది బాగుంటే ఆ లెక్కలోకి రారు.

చార్టుకు చిక్కనివి

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. 6/6 వచ్చిందంటే కన్ను ఆరోగ్యంగా ఉందని కాదు. నీటికాసులు (గ్లాకోమా) జబ్బులో పక్కల చూపు ముందు పోతుంది, నడిమి చూపు ఆఖరి దాకా నిలిచే ఉంటుంది. చార్టు కొలిచేది ఆ నడిమి చూపునే. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే తోబుట్టువులు, పిల్లలు నలభై దాటాక కంటి ప్రెజర్, నరం చూపించుకోవాలి. షుగర్ కూడా అంతే. రెటీనాలో రక్తనాళాలు చెడుతున్నా చూపు 6/6 ఉండొచ్చు. ఆ దశలో పట్టుకుంటేనే మేలు. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు చార్టు చదివినా చదవకపోయినా ఏడాదికొకసారి మందుచుక్కలు వేయించుకుని కంటి లోపల పరీక్ష చేయించుకోవాలి.

కొన్నిటికి కొలుస్తూ కూర్చోకూడదు. చూపు ఒక్కసారిగా పోవడం, తెర దిగినట్టు ఒక పక్క నల్లబడడం, ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు కనిపించడం, ఎర్రబడి నొప్పితో చూపు తగ్గడం, వేరుశనగ నూర్పిడప్పుడు పొట్టో, నాపరాళ్ల పాలిష్ దగ్గర రాతి ముక్కో కంట్లో పడడం. ఇవన్నీ అదే రోజు డాక్టరు చూడాల్సినవి. కంట్లో ఆముదం, ఆకు పసరు, చనుబాలు పోయొద్దు, మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేయొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీది పుండు ఇంకా ముదురుతుంది. సున్నం పడితే అక్కడికక్కడే మంచినీళ్లతో అరగంట సేపు రెప్పలు విప్పి కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి.

ఆసుపత్రికి పోయేటప్పుడు మీరు రాసుకున్న కాగితం, పాత అద్దాలు అన్నీ, వాడుతున్న చుక్కల సీసాలు, షుగర్, బీపీ మందుల చీటీ తీసుకుపోండి. లోపల చూడడానికి వేసే చుక్కలతో కొన్ని గంటలపాటు దగ్గరిది మసగ్గా, ఎండ కళ్లలో గుచ్చుకున్నట్టు ఉంటుంది. బండి మీద ఒంటరిగా పోకుండా ఎవరినైనా వెంట తీసుకుని బస్సులో పోండి, తలకు టవలో టోపీనో పెట్టుకోండి.